కుడి చివరి గడి

సంతాపసభలో ఆయన చేత మూడు యుద్ధాలు చేయించారు. అందులో ఒకటి చేయించింది నేనే.

ఏం చెయ్యమంటారు? మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు కిటకిటలాడుతోంది. నాకంటే ముందు మాట్లాడిన అసోసియేషన్ అధ్యక్షుడు ఆయన్ని మంచుకొండ ఎక్కించి శత్రుస్థావరం ఒకటి పేల్పించాడు. తరవాత లేచిన కార్యదర్శి ఆయన్ని యుద్ధనౌక ఎక్కించాడు. నా వంతు వచ్చేసరికి నేల మీదా నీళ్ల మీదా చోటు మిగల్లేదు. చేతిలో మైకు ఉంది, ఎదురుగా జనం ఉన్నారు. నేను ఆయన్ని విమానంలోంచి పారాచూట్‌తో దూకించాను.

ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని నేను గొంతు ఇంకాస్త వణికించాను. సభ అయ్యాక కాఫీల దగ్గర ఆవిడే వచ్చింది.

"ఏందన్నా, గంత మాటన్నవ్? ఆయినెకు బాల్కనీల నిలబడి కిందికి చూస్తెనే కండ్లు తిరుగుతుండె. గందుకే గదా జిద్దు చేసి ఫస్ట్ ఫ్లోర్ తీసుకున్నం."

నవ్వు ఆపుకోవడానికట ఆ కొంగు.

ఆయనే సభలో ఉండి ఉంటే నవ్వేవాడు కాదు. వెనక వరసలోంచి పెన్సిలు పైకెత్తి ఒకే ఒక్క మాట అడిగేవాడు: "ఎవరు చూసిన్రు?" ఆ మాట కోసమే ఇది రాస్తున్నాను. అదే సభలో సింధు అనే అమ్మాయి నా గురించి కూడా ఒక మంచిమాట చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అప్పట్నుంచీ నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఆ సంగతికి వస్తాను. ముందు మనిషిని చూపించాలి.

ఆరడుగుల మనిషి. కాదు, అది కొట్టేస్తున్నాను. నా భుజం దాటడు. కానీ ఆయన పక్కన నిలబడితే మనమే కాస్త వంగినట్టు అనిపించేది, అది మాత్రం నిజం. చొక్కా జేబులో ఎప్పుడూ చెక్కిన పెన్సిలు, చిన్న నోటుబుక్కు. పెన్ను వాడగా నేను చూడలేదు. "తప్పు రాస్తమని ముందే తెలిసినోనికి పెన్నెందుకు సారూ?" అనేవాడు.

ఇక్కడివాడే. శేరిలింగంపల్లి కింద ఒకప్పుడు పల్లె, ఇప్పుడు అద్దాల మేడలు. సిపాయిగా చేరి, పరీక్షలు రాసి, ఆఫీసరై, లెఫ్టినెంట్ కర్నల్‌గా రిటైరయ్యాడు. ఆఫీసులో అందరూ కర్నల్ సాబ్ అనేవారు. హైటెక్ సిటీ వెనక సందులో అయిదో అంతస్తులో ఉండేది మా కంపెనీ. వచ్చిన అతిథులందరికీ నేను కిటికీ దగ్గర నిలబడి, "ఈ బిల్డింగు సరిగ్గా ఆయన తండ్రిగారి జొన్నచేను మీద కట్టారండి, ఆ చేలోకే ఉద్యోగానికి వస్తున్నాడు మహానుభావుడు" అని చెప్పేవాణ్ణి. వినేవాళ్ల కళ్లు చెమర్చేవి. ఒకరోజు ఆయన వెనకే ఉండి విన్నాడు.

"ఓ గోదారి సారూ, మా చెల్క ఇది గాదు. అగో, ఆ ఫ్లైఓవర్ కనవడ్తున్నదా? దాని రెండో కంబం కింద ఉన్నది. జర సరిగ్గ చెప్పు."

నన్ను గోదారి సారు అనేవాడు, మాది గోదావరి జిల్లా కాబట్టి. నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు చేశాను. ఆ మాట చెప్పగానే అందరూ నన్ను కాలవల మీద తిరిగిన మనిషి అనుకుంటారు. అనుకోనిస్తాను. నేను చూసిన నీళ్లు కూజాలోవి. నాది సెలవుల సెక్షను, సెలవు చీటీలు తప్ప నా బల్ల మీదికి ఇంకేమీ వచ్చేవి కావు. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే ఉండలేక గొణుగుతుంటే, మా పై ఫ్లాటు అమ్మాయి సింధు తన కంపెనీలో రిపోర్టులు దిద్దే పనిలో పెట్టింది. ఆ అమ్మాయి అక్కడ టీమ్‌కి లీడరు. నన్ను బాబాయ్‌గారూ అంటుంది.

కంపెనీ చేసే పని చెబుతాను. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడూ కలిసి ఒక పనికి దిగాలంటే ఒక్క ఆలోచనతో దిగరు. రెండు మూడు పథకాలు వేసుకుంటారు. ఒక్కోదాన్నీ బల్ల మీద పరీక్షించి, పక్కపక్కన పెట్టి తూచి, ఒకటి ఎంచుకుంటారు. ఆ పరీక్షకీ తూకానికీ పనికొచ్చే సాఫ్ట్‌వేర్ మాది. కర్నల్ సాబ్ ఉద్యోగమంతా ఆ తూకమే. మూడు దళాలూ కలిసి కూర్చునే ఏదో ఆఫీసులో ఏళ్లపాటు చేశాడు. ఎక్కడ, ఏ పథకం అని ఒక్కనాడూ నోరు విప్పలేదు. నేను ఎన్ని రకాలుగా గుచ్చినా అంతే.

"నేను తుపాకీతోని ఎవ్వర్నీ చంపలే సారూ. ప్లాన్లను చంపిన. ఈడ టేబుల్ మీద చస్తే ఆడ పిలగాండ్లు చావరు."

ఆయన దగ్గర ఒక ఎర్ర దస్తీ ఉండేది. చేతిరుమాలు. బల్ల చుట్టూ అందరం కూర్చున్నాక దాన్ని ఎడమ మణికట్టుకి కట్టుకునేవాడు. అంతే, ఇక ఆయన శత్రువు. శత్రువుని సార్ అనకూడదు, మీరు అనకూడదు.

మొదటిసారి కొత్తగా చేరిన కుర్ర ఇంజనీరొకడు బెదురుతూ, "సార్, మా హెలికాప్టర్లు బయల్దేరాయి సార్" అన్నాడు.

"సార్ ఎవడ్రా ఈడ? దస్తీ కనవడ్తలేదా?"

"సారీ సార్."

"మళ్ల సార్! తిట్టు నన్ను. తిట్టకుంటే ఆట లేదు."

ఆ కుర్రాడు మా అందరి మొహాలూ చూసి, చెమట తుడుచుకుని, "నువ్వు... నువ్వు చెడ్డవాడివి" అన్నాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆయన మాత్రం గంభీరంగా తల ఊపి, "మంచిగుంది. ఇప్పుడు చెప్పు, ఏం చేసినవ్?" అన్నాడు.

ఆట ఎప్పుడూ మూడు అడుగులే. నువ్వు ఒకటి చేస్తావు. దానికి శత్రువు ఒకటి చేస్తాడు. దానికి నువ్వు మళ్లీ ఏం చేస్తావు? చాలామంది పథకాలు మూడో అడుగు దగ్గర పడిపోయేవి. పడిపోయినప్పుడు ఆయన మొహంలో గెలిచిన ఆనందం ఉండేది కాదు. దస్తీ విప్పి జేబులో పెట్టుకుని, పడిపోయిన పథకం వేసినవాడికి తనే టీ తెచ్చి ఇచ్చేవాడు.

ఈ అలవాటు ఆఫీసు దాటి కూడా వచ్చేది. సాయంత్రం ఇంటికి పోవడానికి కూడా ఆయన దగ్గర మూడు దారులుండేవి. మెట్రో ఎక్కితే అమీర్‌పేట దాకా పోయి చుట్టూ తిరిగి మియాపూర్ రావాలి. ఆటో అయితే కొండాపూర్ దగ్గర ట్రాఫిక్కు. ఎంఎంటీఎస్ రైలైతే లింగంపల్లిలో దిగి షేర్ ఆటో. ఒక్కో దారిలో ఒక్కో నెల తిరిగి, నోటుబుక్కులో రాసి, ఎంఎంటీఎస్ నెగ్గిందని ప్రకటించాడు. రెండేళ్లు తిరిగాడని బయట చెబుతుంటాను. కాదు, మూడు నెలలే. అయినా మూడు నెలలు ఇంటికి పోయే దారిని పరీక్షించిన మనిషిని మీరెక్కడైనా చూశారా?

తూకం విషయంలో మరీ ఛాందసం. వేగానికి ఎన్ని మార్కులు, ప్రాణభద్రతకి ఎన్ని, మూడు దళాల పొందికకి ఎన్ని అనేది పథకాలు చూడకముందే తేల్చాలి. తేల్చి అందరూ సంతకం పెట్టాలి. ఒకసారి సింధు, తనకి నచ్చిన పథకం రెండు మార్కుల్లో ఓడిపోతుంటే, "సార్, వేగానికి కొంచెం పెంచుదామా?" అంది.

"బిడ్డా, అంగట్ల టమాటలు కొంటవు గదా. టమాటలు చూసినంక తూకంరాళ్లు మారుస్త అంటే ఒప్పుకుంటవా?"

"ఒప్పుకోను సార్."

"మరి?"

సింధు మొహం టమాట రంగులోకి వచ్చింది. మార్కులు మారలేదు.

ఇక ఆ కుడి చివరి గడి. పథకాల పట్టికలో అన్ని గడులూ అయ్యాక, కుడివైపు అంచున ఆయన ఇంకో సన్నటి వరస గీయించాడు. దాని పేరు "ఎవరు చూసిన్రు". రోడ్డు ఉంది అని రాస్తే, ఉందని కళ్లతో చూసినవాడి పేరు ఆ గడిలో ఉండాలి. వంతెన లారీని మోస్తుందంటే, మోయగా చూసినవాడి పేరు ఉండాలి. ఎవరూ చూడకపోతే "ఎవరూ చూడలే" అని రాయాలి. అది తప్పు కాదు. ఖాళీ వదిలెయ్యడం తప్పు. చూడకుండా పేరు పెట్టడం ఆయన దృష్టిలో నేరం.

"సార్, యూజర్లు ఇది నింపరు, విసుక్కుంటారు" అంది సింధు.

"నింపకుంటే మిషిన్ని ముందుకు పోనియ్యకు. ఇసుక్కుంటె ఇసుక్కోనియ్."

నా పేరు ఆ గడిలోకి ఎక్కిన కథ ఇది.

మా కంపెనీకి ఒక అవకాశం వచ్చింది. తీరంలో, నది సముద్రంలో కలిసే చోట, దిబ్బ మీద ఒక జాలరుల ఊరు. తుఫాను వచ్చే ముందు మూడు దళాలూ కలిసి ఆ ఊరిని ఎలా ఖాళీ చేయించాలో పథకాలు తూచి చూపించాలి. మూడు దళాల అధికారుల ఎదుట మంగళవారం ప్రదర్శన. నెగ్గిన పథకాన్ని తరవాత నెలలో నిజంగా ఆ ఊరివాళ్లతో, ముసలీముతకతో పిల్లాజెల్లతో, ఒకసారి చేసి చూస్తారు. ఆ పైన అది ఆ ఊరి ఫైల్లో ఉండిపోతుంది. నిజం తుఫాను వచ్చిన రోజున ఎవరో ఒక అధికారి ఆ ఫైలే తెరుస్తాడు.

పథకాలు కనీసం మూడు ఉండాలని నిబంధన. సింధు టీమ్‌కి మొదటిదాని మీదే మనసు. హెలికాప్టర్లు వచ్చి ఊరివాళ్లని ఎత్తుకుపోవడం. రెండోది కూడా అదే, ఇంకో రెండు హెలికాప్టర్లు కలిపి పేరు మార్చారు. మూడోదానికి టైం లేదు.

"బాబాయ్‌గారూ, మీరు తీరం వైపువాళ్లేగా. మూడోది ఏదో ఒకటి రాసెయ్యండి, లంచ్ లోపల. ఎలాగూ నెగ్గేది కాదు."

ఈ వృత్తిలో అందరూ చేసే తప్పు ఇదేనట. ఒక్కదాన్ని ప్రేమిస్తారు, మిగతా రెండింటినీ లెక్కకి నిలబెడతారు. కర్నల్ సాబ్ వాటిని దిష్టిబొమ్మలనేవాడు. రెండో పథకాన్ని ఆయన చూస్తూనే కొట్టేశాడు. "ఇది మొదటి దానికి అంగీ మార్చిన్రు. తియ్యి, దీని జాగల వేరేది రాయున్రి." మూడోది చేతిలోకి తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుని మళ్లీ చదివాడు.

నేను రాసింది ఇది. ఊరి వెనక నది పాయ ఒకటి ఉంది. జాలర్ల నాటు పడవల్లోనే జనాన్ని ఆ పాయ దాటించి, అవతల రోడ్డు మీద సైన్యం లారీలు ఎక్కించాలి. నది సముద్రంలో కలిసే మొగ బయట నౌకాదళం పడవ కాపు కాస్తుంది. హెలికాప్టర్లు మంచం పట్టినవాళ్లకీ బాలింతలకీ మాత్రమే. గాలి లేచి హెలికాప్టర్లు ఆగిపోయినా పని ఆగదు. ఈ మహావ్యూహాన్ని నేను మూడు రోజులు ధ్యానించి రాశానని తరవాత చాలామందికి చెప్పాను. రాసింది నలభై నిమిషాల్లో, పెరుగన్నం తింటూ.

ఆయన కాగితం దించి నావైపు చూశాడు. అలా చూడటం అదే మొదటిసారి. అప్పటిదాకా నేను ఆయనకి సరదా మాటల ముసలివాణ్ణి.

"ఇది ప్రాణమున్న ప్లాను సారూ. అంతా ఆ పాయ మీదున్నది. పాయల ఎప్పుడూ నీళ్లుంటయా?"

"ఉంటాయండి."

"ఆటుకు గూడ?" సముద్రం వెనక్కి తీసే వేళని మా వైపు ఆటు అంటాం. ఆ మాట ఆయనకి తెలిసి ఉండటం నన్ను పడగొట్టింది.

"ఆటుకి కూడానండి. నడుము లోతుకి తగ్గదు. చిన్నప్పుడు మా పిన్నిగారి ఊరెళ్తూ వందసార్లు దాటాను."

ఆయన కుడి చివరి గడిలో పెన్సిలుతో నా పేరు రాశాడు. ఇన్నేళ్ల జీవితంలో నా పేరు అంత అందంగా ఎవరూ రాయలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆట ఆడాం. ఆయన దస్తీ కట్టుకుని తుఫాను అయ్యాడు. గాలిగా వచ్చి మొదటి పథకంలోని హెలికాప్టర్లన్నీ నేల మీద కూర్చోబెట్టాడు. మూడో అడుగులో సింధు దగ్గర జవాబు లేదు. నా పథకం మీదికి వచ్చి రోడ్డు కోశాడు, వాన కురిపించాడు, ఒక లారీని దించేశాడు. అది పడుతూ లేస్తూ నిలబడింది. మార్కులు కూడితే మూడోదే నెగ్గింది. సింధు నన్ను "వ్యూహకర్త బాబాయ్" అంది. సమోసాలు తెప్పించారు. నేను నాలుగు తిన్నాను.

ఆ సాయంత్రం హైటెక్ సిటీ స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కాం, ఆయనా నేనూ. కిటికీ పక్కన సీటు దొరికింది. నాకు నోట్లో సమోసా చేదెక్కింది. నేను ఆ పాయ దాటలేదు. ఒకే ఒక్కసారి, ఎనిమిదేళ్లప్పుడు, బస్సు కిటికీలోంచి దూరంగా మెరిసే గీతలా చూశాను. అది ఆటు వేళో, నీళ్లు ఎక్కే పోటు వేళో కూడా తెలియదు. హఫీజ్‌పేట దాటాక చందానగర్ వచ్చేలోపల ఆయన చెయ్యి పట్టుకుని అంతా చెప్పేశాను. ఆయన లింగంపల్లిలో దిగి, ఇంటివైపు కాకుండా టికెట్ కౌంటర్ వైపు నడిచాడు. ఆ శనివారం, ఆదివారం ఆ తీరంలో ఉన్నాడు.

ఇలా అని సింధుకి చెప్పాను. ఇలా అని సింధు సంతాపసభలో చెప్పింది. "బాబాయ్‌గారు నిజాయితీగా ముందే చెప్పబట్టి ఒక ఊరు బతికింది" అంది. దానికే చప్పట్లు.

సోమవారం పొద్దున ఆయన ఆఫీసుకి వచ్చినప్పుడు ప్యాంటు మోకాళ్ల దాకా ఎండిన ఒండ్రు. బూట్లు చేతిలో ఉన్నాయి. లిఫ్టులో టక్ చేసుకున్న కుర్రాళ్లు పక్కకి జరిగారట. జాలరి ఒకాయన్ని వెంటబెట్టుకుని, వెదురు గడ పట్టుకుని, ఆటు వేళ పాయలోకి దిగాడు ఆయన. డెబ్బై రెండేళ్ల మనిషి. ఈ చివర నుంచి ఆ చివరదాకా గడ దింపుకుంటూ నడిచాడు. నీళ్లు మోకాలి బంటి. మూడు చోట్ల అదీ లేదు, వట్టి బురద. పోటు వేళ మళ్లీ పడవలో దాటాడు, నిండుగా ఉంది.

ఊరివాళ్లని ఆటు వేళ పడవలెక్కించి ఉంటే ఆ బురదలో కూర్చుండిపోయేవాళ్లు, వెనక తుఫానుని పెట్టుకుని.

మంగళవారం మూడు దళాల అధికారులూ వచ్చారు. తెర మీద నెగ్గిన పథకం. ఏం జరగబోతోందో ఆయన సింధుకి సోమవారమే చెప్పాడు. కర్నల్ సాబ్ లేచి, జేబులోంచి ఎర్ర దస్తీ తీసి కట్టుకుని, అధికారులందరి ఎదుట మా సొంత పథకాన్ని చంపాడు. ఆటు వేళ ఎంచుకుని, పడవల్ని బురదలో నిలబెట్టి, "ఇప్పుడేం చేస్తరు?" అన్నాడు. అప్పుడు దస్తీ విప్పి, గడియారం గీసిన కాగితం ఒకటి తెర మీద పెట్టించాడు. ఏ గంటల్లో పాయ నిండుగా ఉంటుందో ఆ గంటల్లో పడవలు, మిగతా గంటల్లో పాయ ఒడ్డున ఎత్తైన చోట ఆగడం, అక్కడికి ముందే తిండీ మందూ చేర్చడం. పథకం సగం చచ్చి, సగం బతికింది. అధికారుల్లో పెద్దాయన కుడి చివరి గడి మీద వేలు పెట్టి, ఈ వరస మా కాగితాల్లో ఎందుకు లేదని తన పక్కవాళ్లని అడిగాడు.

పని మొత్తం మాకే వచ్చిందని ఊళ్లో చెప్పాను. మొత్తం రాలేదు, కొంత వచ్చింది. సింధు టీమ్ నిలబడటానికి అది చాలింది.

ఇక సంతాపసభ రోజుకి వస్తాను. కాఫీలయ్యాక ఆయన భార్య నన్ను ఇంటికి పిలిచింది. బల్ల మీద చిన్న నోటుబుక్కులు పేర్చి ఉన్నాయి. వాటిలోంచి ఒకటి నా చేతికిచ్చింది.

"గోదారి సారుకియ్యి అని దీని మీద రాసి పెట్టిండన్నా. నేను తెరవలే."

తెరిచాను. ఆ శనివారం, ఆదివారం రాసుకున్నది. గంటగంటకీ నీటి లోతు, పక్కన గడి, గడిలో ఆయన పేరు. ఒక పేజీలో ఇలా ఉంది: "ముసలాయన, డెబ్బై అయిదేండ్లు, చిన్నప్పటిసంది ఈడనే వల ఏస్తడు. పాయ ఎప్పటికెల్లి గిట్లున్నదని అడిగిన. మా తాత నాటినుంచి ఆటుకి మోకాలి లోతేనండి అన్నడు."

ఆ పేజీ మూడుసార్లు చదివాను. ఎందుకో చెప్పాలంటే, సోమవారం పొద్దున నిజంగా ఏం జరిగిందో చెప్పాలి.

నేను రైల్లో ఏమీ చెప్పలేదు. హఫీజ్‌పేట నుంచి లింగంపల్లి దాకా సమోసాల్లో ఉల్లిపాయ ఎక్కువైందని మాట్లాడాను. మంగళవారం గడిచిపోతే చాలు, ఫైళ్లు ఎవరు తెరుస్తారులే అనుకున్నాను. ముప్పై ఏళ్ల గుమాస్తాని, ఫైళ్లు తెరవరని నాకు నమ్మకం. ఆయన తీరానికి పోతున్నట్టు కూడా నాకు తెలియదు.

సోమవారం ఆయన ఆ బురద ప్యాంటుతో వచ్చి, ఆఫీసులో ఇంకా మావాళ్లెవరూ రాకముందే, నా బల్ల మీద పట్టిక పెట్టాడు. నా పేరు అలాగే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పాయ చూసొచ్చిన సారూ. ఆటుకు మోకాలి బంటే ఉన్నది."

నేను పట్టికలో నా పేరు వైపు చూశాను.

"నువ్వు చూసి అరవై ఏండ్లాయె. గన్నేండ్లల్ల ఒండ్రు మేట ఏసి ఉంటది. నీళ్లన్నంక ఒక్కతీరుగుంటయా?"

"అవునండి" అన్నాను. "మేట వేసి ఉంటుందండి. అప్పట్లో నిండుగా ఉండేది."

ఆయన పెన్సిలు తిప్పి, రబ్బరున్న వైపు నాకు అందించాడు.

"నీ పేరు నువ్వే తియ్యి."

తీశాను. ఆ గడిలో ఆయన తన పేరు రాసుకున్నాడు. సింధు వచ్చి పేరు మారిందేమిటని అడిగితే, "సారే తీసేసుకున్నడు" అన్నాడు. అది నిజమే. దాన్ని రైల్లో కన్నీళ్ల దాకా పెంచింది నేను. ఆయన ఉన్నంతకాలం ఆ కథ ఆయన ముందు చెప్పే ధైర్యం చెయ్యలేదు, లేనప్పుడు మాత్రం ప్రతిచోటా చెప్పాను.

ఆ పాయ ఎప్పుడూ మేట వెయ్యలేదని ఆయనకి తెలుసు. తెలిసే నాకు ఆ దారి చూపించాడు. అబద్ధం మీద నిలబడ్డ పథకాన్ని క్షణం బతకనివ్వని మనిషి, ఆ ఉదయం నన్ను బతకనిచ్చాడు. అలాగని కాగితానికి అబద్ధం చెప్పాడా అంటే, లేదు. నోటుబుక్కులో ముసలాయన మాట కింద ఇంకో వరస ఉంది. "గోదారి సారు చిన్నప్పుడు పాయ వందసార్లు దాటిండు." దానికి ఎదురుగా, కుడి చివరి గడి ఖాళీ.

ఆ పుస్తకాలన్నీ తిరగేశాను. ఆయన వదిలిన ఖాళీ గడి అదొక్కటే.

సింధూ, ఆయన జ్ఞాపకంగా మీరు వేస్తున్న పుస్తకానికి ఈ వ్యాసం అడిగావు. అచ్చుకి పంపేముందు నువ్వు చదువుతావు. చప్పట్లు కొట్టినవాళ్లకి కూడా చదివి వినిపించు. పారాచూట్ సంగతి ఆయన భార్య, మా చెల్లెమ్మ, ఎలాగూ చెప్పేసి ఉంటుంది.

నోటుబుక్కు నా ముందే ఉంది. పెన్సిలు చెక్కుకున్నాను. ఆ ఖాళీ గడిలో "ఎవరూ చూడలేదు" అని రాసి, కింద నా పేరు పెట్టాను.